మౌస్ కొనేముందు బల్ల చూడండి, చెయ్యి చూడండి

ల్యాప్‌టాప్‌కి బ్లూటూత్ మౌస్ కొనాలి, ఏది తీసుకోమంటావు అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అడిగే వాళ్ళందరి నోటా ముందు వచ్చే మాట డీపీఐ (పాయింటర్ ఎంత జోరుగా కదులుద్దో చెప్పే అంకె) ఎంత, తర్వాత రేటు ఎంత, ఆ తర్వాత ఏ కంపెనీ. నేను మాత్రం తిరిగి వేరే అడుగుతా. ఏ బల్ల మీద పెట్టి వాడతారు, రోజుకి ఎంతసేపు వాడతారు, ఏదీ ఒకసారి మీ చెయ్యి చూపించండి అని. కొంతమంది విసుక్కుంటారు, మౌస్ కొనడానికి ఇంత అవసరమా అని. అవసరమే. రోజుకి ఎనిమిది గంటలు చేతి కింద ఉండే వస్తువు అది, మన ఆఫీసుల్లో అంతసేపు ముట్టుకునే సామాను ఇంకోటి లేదు, అయినా సరే డబ్బా మీద ఏ అంకె పెద్దదిగా ఉంటే అది కొనుక్కొని వస్తున్నారు. నేను ఇక్కడ చెప్పదల్చుకుంది ఒకటే, ముందు బల్ల, తర్వాత చెయ్యి, ఆ అంకెలన్నీ చివర్లో.

మేము ఉండేది ఒంగోలు. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీలకి లెక్కలు రాస్తా, జీఎస్‌టీ రిటర్నులు, ఈవే బిల్లులు, స్టాకు, జీతాలు అన్నీ. ఒక చోట కూర్చుని చేసే పని కాదు, ల్యాప్‌టాప్ బ్యాగులో వేసుకొని కర్నూలు రోడ్డు పట్టుకొని పోవడం, పొద్దున ఒక ఆఫీసు, మధ్యాహ్నం ఇంకో ఆఫీసు, ఏ ఆఫీసులో ఏ బల్ల ఇస్తే దాని మీద పని. నెలలో 11వ తారీఖు జీఎస్‌టీఆర్-1, 20వ తారీఖు 3బీ అనే జీఎస్‌టీ రిటర్నులకి గడువు, ఆ రెండు తేదీలు దగ్గర పడితే రాత్రి ఎప్పటికి ఇంటికి చేరతామో చెప్పలేం. అందుకని మౌస్ సంగతి నాకు చిన్న విషయం కాదు.

బల్ల దగ్గర మొదలు పెడతా. చీమకుర్తి అంటే గెలాక్సీ గ్రానైట్, నల్లటి రాయి, లోపల బంగారం రంగు చుక్కలు, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. దేశదేశాలకి పోయే రాయి అది. మరి ఆ ఫ్యాక్టరీల ఆఫీసుల్లో బల్లలు దేంతో ఉంటాయి, అదే రాయితో ఉంటాయి. పక్కనే పాలిషింగ్ లైను, సైజులో తేడా వచ్చిన స్లాబు ఒకటి తెచ్చి కింద ఇనప ఫ్రేము పెట్టేస్తే జన్మంతా ఉండే బల్ల రెడీ. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, వేసవిలో చెయ్యి పెడితే చల్లగా కూడా ఉంటుంది. మౌస్ పెట్టండి, అప్పుడు తెలిసిద్ది. పాయింటర్ ఉన్నచోట ఉండదు, ఎక్సెల్‌లో నాలుగు గడులు కిందకి దూకిద్ది, కాసేపు కదలదు, మళ్ళీ ఉన్నట్టుండి పక్క కాలమ్‌లోకి పోయిద్ది. మౌస్ పాడైపోయింది, ఇది డూప్లికేట్ మాల్ అని తిట్టుకుంటూ ఇంకోటి కొంటారు, అదీ అంతే.

మౌస్‌ది ఏం తప్పు లేదు. దాని అడుగున చిన్న లైటు, చిన్న కెమెరా ఉంటాయి, కొన్నిట్లో ఎర్రగా కనపడిద్ది, ఇప్పుడొచ్చే వాటిల్లో చాలావరకు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్. ఆ వెలుతురు బల్ల మీద ఏటవాలుగా పడిద్ది, బల్ల మీద మన కంటికి ఆనని గరుకుకి సన్నటి నీడలు పడతాయి, కెమెరా సెకనుకి వెయ్యికి పైగా ఫొటోలు తీస్తా ఉండిద్ది, ముందు ఫొటోకీ వెనక ఫొటోకీ ఆ నీడలు ఎటు జరిగాయో చూసి పాయింటర్‌ని అటు జరుపుద్ది. మొత్తం ఆట ఆ గరుకు మీదే. మరి మన పాలిషింగ్ వాళ్ళ పని ఏంటి, రాయి మీద గరుకనేది లేకుండా చెయ్యడమే కదా. వరసగా సన్న రాళ్ళు మారుస్తూ అరగదీసి మొహం కనపడేదాకా మెరుగు పెడతారు. అట్టాంటి రాయి మీద లైటు పడితే తిన్నగా వెనక్కి కొట్టేసిద్ది, కెమెరాకి పట్టుకోవడానికి నీడలు ఉండవు. మేనేజరు గారి క్యాబిన్‌లో అద్దం టేబుల్ మీద కూడా ఇదే కథ, ఇంకా ఘోరం.

మౌస్ ఏ బల్ల మీదైనా పని చేసిద్ది అనే నమ్మకం మనకి ఎప్పట్నుంచో ఉంది. అంతకుముందు మౌస్‌లో రబ్బరు బంతి ఉండేది, లోపల రోలర్లకి మట్టి చుట్టుకొని నల్లగా పట్టేసేది, గోరుతో గీకి తీసేవాళ్ళం. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాక బంతి బాధ పోయింది, ప్యాడ్ కూడా అక్కర్లేదు అన్నారు. మామూలు చెక్క బల్లకి, సన్‌మైకాకి అది నిజమే. నున్నటి రాయికీ అద్దానికీ కాదు. అద్దం మీద కూడా నడిచే డార్క్‌ఫీల్డ్ అనే పద్ధతి లాజిటెక్ వాళ్ళు 2009లో తెచ్చారు, అద్దం కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి, ఇప్పుడు ఎంఎక్స్ ఎనీవేర్, ఎంఎక్స్ మాస్టర్ రకాల్లో అది వస్తోంది. బాగుంటాయి, కాదనను. కానీ వేలల్లో రేటు. అందరూ అంత పెట్టాల్సిన పని లేదు, ఎందుకంటే గుడ్డ ప్యాడ్ ఒకటి నూటయాభై, రెండొందల్లో దొరికిద్ది, చుట్ట చుట్టి ల్యాప్‌టాప్ బ్యాగులో పక్కన దోపుకోవచ్చు. గ్రానైట్ బల్ల మీద ప్యాడ్ పరిచి ఎనిమిది వందల మౌస్ పెడితే, ప్యాడ్ లేకుండా పెట్టిన మూడు వేల మామూలు మౌస్ కంటే అదే నయం. ప్యాడ్ మర్చిపోయిన రోజున ఆఫీసులో ఉన్న అట్ట ఫైలు తిరగేసి పెట్టుకున్నా పని జరిగిపోయిద్ది. పది చోట్ల తిరుగుతూ ఎక్కడ ఏ బల్ల ఇస్తారో తెలియని వాళ్ళు, ప్యాడ్ మోసే ఓపిక లేనివాళ్ళు, డబ్బుంటే డార్క్‌ఫీల్డ్ తీసుకోండి, తప్పు లేదు. ఇంట్లో ఒకే టేబుల్ మీద కూర్చునే వాళ్ళకి మాత్రం దాని మీద పెట్టే డబ్బు దండగ అనే నా అభిప్రాయం.

ఇప్పుడు బ్లూటూతా, డాంగిలా. డాంగిల్ అంటే మౌస్‌తో పాటు వచ్చే చిన్న ముక్క, యూఎస్‌బీ పోర్టులో గుచ్చేది. దీని మీద షాపుల్లో నాకెప్పుడూ వాదనే.

"అన్నా, బ్లూటూత్ ఎందుకన్నా, తలనొప్పి. డాంగిల్‌ది తీసుకో, గుచ్చితే పని చేసిద్ది, అంతే."

"గుచ్చడానికి పోర్టు ఏది తమ్ముడూ?"

నా ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ పోర్టులు రెండు, ఒక టైప్-సి, ఆ టైప్-సిలో ఛార్జరు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిటర్ను ఫైల్ చెయ్యాలంటే పెన్‌డ్రైవ్ లాగా ఉండే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చాలి, అది ఒక పోర్టు. ఓనరు గారు పెన్‌డ్రైవ్‌లో బిల్లులు వేసి ఇస్తారు, లేకపోతే ప్రింటర్ వైరు, అది రెండోది. మౌస్ డాంగిల్‌కి చోటెక్కడ. డాంగిల్ పీకి పెన్‌డ్రైవ్ పెట్టడం, పెన్‌డ్రైవ్ పీకి డాంగిల్ పెట్టడం, మధ్యలో ఆ వేలి గోరంత ముక్క బల్ల కిందకి దొర్లి పోయిందంటే ఫ్యాక్టరీ దుమ్ములో దొరికిద్దా. డాంగిల్ పోతే చాలా రకాల్లో మౌస్ కూడా పోయినట్టే, దాని జత అదే. ఇప్పుడు పల్చటి ల్యాప్‌టాప్‌లు కొన్నిట్లో మామూలు యూఎస్‌బీ పోర్టులే ఇవ్వట్లేదు, అన్నీ టైప్-సి, వాటికి డాంగిల్ పెట్టాలంటే మళ్ళీ కన్వర్టర్ కొనాలి. ల్యాప్‌టాప్ లోపలే బ్లూటూత్ ఊరికే కూర్చుని ఉంటే బయట ముక్కలు గుచ్చుకోవడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

బ్లూటూత్‌కి లాగ్ వచ్చిద్ది, అంటే చెయ్యి కదిపాక పాయింటర్ ఆలస్యంగా కదులుద్ది అంటారు. దీనికి లెక్క చెప్తా. ఇప్పటి బ్లూటూత్ మౌసులు వాడేది తక్కువ కరెంటు తీసుకునే బ్లూటూత్ రకం, దాంట్లో మౌస్ ల్యాప్‌టాప్‌కి పంపే ఒక కబురుకీ ఇంకో కబురుకీ మధ్య కనీస గ్యాప్ 7.5 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి గరిష్టంగా 133 సార్లు. మనం ఏళ్ళ తరబడి వాడిన మామూలు వైరు మౌస్ సెకనుకి 125 సార్లు చెప్పేది, అప్పుడు ఎవరూ లాగ్ అని గోల పెట్టలేదు. గేములు ఆడేవాళ్ళకి సెకనుకి వెయ్యి సార్లు చెప్పే డాంగిల్ మౌసులు ఉన్నాయి, వాళ్ళకి అవి కావాల్సిందే, ఆ పిల్లల మాట నేను కాదనను. ఎక్సెల్‌కీ, లెక్కలు రాసే టాలీకీ, జీఎస్‌టీ పోర్టల్‌లో బటన్ నొక్కడానికీ ఆ వేగం దేనికి.

అట్టని బ్లూటూత్ ఆగి ఆగి నడవడం ఎప్పుడూ జరగదని నేను అనను, జరుగుద్ది, దానికి కారణం మాత్రం వేరే. బ్లూటూతూ, మామూలు వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండూ, ఆ డాంగిళ్ళు కూడా, అన్నీ గాల్లో ఒకే చోట తిరుగుతాయి. పైగా చాలా ల్యాప్‌టాప్‌ల్లో వైఫైకీ బ్లూటూత్‌కీ కలిపి ఒకే కార్డు. పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెట్టినప్పుడు మౌస్ బరువెక్కినట్టు అనిపిస్తే వైఫైని 5 గిగాహెర్ట్జ్ పేరుకి మార్చి చూడండి, చాలావరకు సర్దుకుంటుంది. డాంగిల్ వాళ్ళకి దీనికంటే పెద్ద తంటా ఒకటుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు, లోపల నీలం రంగులో ఉండేది చాలా ల్యాప్‌టాప్‌ల్లో, దాంట్లో హార్డ్‌డిస్క్ పెట్టి కాపీ చేస్తుంటే ఆ పోర్టు దగ్గర పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూనే పడిద్ది, పక్క పోర్టులోనే ఉన్న డాంగిల్ దాంట్లో మునిగిపోయిద్ది. ఇంటెల్ వాళ్ళే 2012లో దీని మీద పేపర్ వేశారు. బ్లూటూత్ యాంటెన్నా ఎక్కువ ల్యాప్‌టాప్‌ల్లో స్క్రీన్ ఫ్రేములో ఉంటుంది కాబట్టి దానికి ఆ దెబ్బ తక్కువ. బ్యాకప్ పెట్టినప్పుడల్లా మౌస్ సతాయిస్తోంది అన్న ఒకాయనకి డాంగిల్‌ని అవతలి వైపు పోర్టుకి మార్చమన్నా, ఆయన బాధ అక్కడితో తీరింది.

ఇంకో వాదన, బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలో) బ్లూటూత్ మౌస్ పని చెయ్యదు, విండోస్ ఎక్కించేటప్పుడు పని చెయ్యదు అని. నిజమే, డెస్క్‌టాప్‌కి అది పెద్ద అడ్డంకే. మనం మాట్లాడుతోంది ల్యాప్‌టాప్ గురించి, దానికి టచ్‌ప్యాడ్ ఉంది కదా, కీబోర్డు ఉంది కదా. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వచ్చే పని కోసం రోజూ పోర్టు వదులుకోమంటే ఎట్టా.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది సెక్యూరిటీ. 2016లో బాస్టిల్ అనే సంస్థ వాళ్ళు మౌస్‌జాక్ అనే లోపం బయట పెట్టారు. పేరున్న చాలా కంపెనీల డాంగిల్ మౌసుల్లో, మౌస్ నుంచి డాంగిల్‌కి వెళ్ళే కబుర్లకి తాళం లేదు, దూరంగా కూర్చున్నోడు చిన్న పరికరంతో మన డాంగిల్‌కి కబురు పంపి, మన కంప్యూటర్ మీద కీబోర్డు నొక్కినట్టే టైపు చెయ్యగలడు. బ్లూటూత్ మౌసులకి ఆ లోపం వర్తించలేదు. ఆ తర్వాత కొన్ని కంపెనీలు సరిచేశాయి, కొత్త డాంగిళ్ళు కొన్ని బ్లూటూత్ పద్ధతి మీదే తాళం వేసుకొని వస్తున్నాయి. కానీ మన ఆఫీసుల్లో సొరుగు లాగితే బయటపడే పాత డాంగిల్ మౌస్‌ని ఎవరు అప్‌డేట్ చేశారు చెప్పండి. పక్క ట్యాబ్‌లో ఓనరు గారి బ్యాంకు లాగిన్ తెరిచి ఉంటుంది, పక్కన సిగ్నేచర్ టోకెన్ గుచ్చి ఉంటుంది. ఇంకొకళ్ళ డబ్బు మన చేతిలో ఉన్నప్పుడు ఈ జాగ్రత్త పడాల్సిందే.

ఒక సంగతి మాత్రం కొనేముందే చూసుకోవాలి. షాపులో వైర్‌లెస్ అంటే రెండూ ఒకటే అన్నట్టు చూపిస్తారు, బ్లూటూత్ మౌస్ కావాలని అడిగి డాంగిల్‌ది తెచ్చుకున్న వాళ్ళు నాకు చాలామంది తెలుసు. డబ్బా మీద బ్లూటూత్ గుర్తు ఉందో లేదో చూడాలి, కొన్నిట్లో రెండూ ఉంటాయి, అవి ఇంకా మంచిది. మీ ల్యాప్‌టాప్ పాతదైతే అది కూడా చూసుకోండి, ఇప్పటి బ్లూటూత్ మౌసుకి ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ 4.0 లేదా ఆ పైది ఉండాలి, విండోస్ 8 నుంచి పై వాటిల్లోనే అది సక్రమంగా నడిచిద్ది. మా వైపు లారీలు తూచే కొన్ని వేబ్రిడ్జిల కాడ ఇంకా విండోస్ 7 నడుస్తోంది, వాళ్ళకి డాంగిలే గతి. తెలుసుకోవడం తేలికే, డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ కింద ఉన్న అడాప్టర్ మీద ప్రాపర్టీస్ తెరిచి అడ్వాన్స్‌డ్‌లోకి పోతే ఎల్ఎంపీ అని ఒక నంబరు కనపడిద్ది, 6 ఉంటే బ్లూటూత్ 4.0, 9 ఉంటే 5.0. అక్కడే పవర్ మేనేజ్‌మెంట్ అని ట్యాబ్ ఉంటే, కరెంటు పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అనే గడిలో టిక్కు తీసేయండి, మౌస్ మధ్యమధ్యలో నిద్రపోతుంది అనే కంప్లైంటు సగం అక్కడే పోయిద్ది. మిగతా సగం మౌస్ దానంతట అది సెల్ మిగల్చడానికి పడుకోవడం, ఒక క్లిక్కు కొడితే సెకనులో లేస్తుంది, దానికి అలవాటు పడాలి.

చెయ్యి సంగతికి వస్తా, నాకు కోపం వచ్చేది ఇక్కడే.

చెప్పుల షాపుకి పోతే సైజు అడక్కుండా ఎవడూ చెప్పులు ఇవ్వడు, మౌస్‌కి మాత్రం ఒకటే సైజు అన్నట్టు అమ్మేస్తారు, మనమూ కొనేస్తాం. ఒక ఫ్యాక్టరీలో ఈవే బిల్లులు వేసే అమ్మాయి ఉంది, సరుకు విలువ 50,000 దాటితే ఈవే బిల్లు లేకుండా లారీ గేటు దాటకూడదు కదా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పిల్లకి అదే పని. ఒకరోజు చెయ్యి విదిలిస్తూ కూర్చుంది. ఏంటమ్మా అంటే, "సాయంత్రానికి మణికట్టు ఒకటే పీకుడన్నా, రాత్రి చపాతీ పిండి కలపాలన్నా నొప్పే" అంది. ఆ పిల్ల చేతి కింద ఉన్న మౌస్ చూశా. ఓనరు గారు వాడి పక్కన పడేసిన పెద్ద గేమింగ్ మౌసు, ఆయన చేతికి సరిపోయేది. ఆ పిల్ల వేళ్ళు బటన్ల సగందాకే అందుతున్నాయి, అందుకోవడానికి మణికట్టుని బల్ల నుంచి పైకి లేపి ముందుకు సాచి నొక్కుతోంది, ప్రతి క్లిక్కుకీ అంతే, రోజుకి కొన్ని వేల క్లిక్కులు. కింద చూస్తే పదునైన గ్రానైట్ బల్ల అంచు, నొక్కనప్పుడు మణికట్టు సరిగ్గా దాని మీద ఆనుతోంది. చిన్న సైజు మౌస్ మార్పించి, బల్ల అంచు మీద నుంచి మోచేతి దాకా ఆనేటట్టు కుర్చీ కొంచెం పైకి ఎత్తించాం. ఇప్పుడు పీకుడు తగ్గిందన్నా అంది ఆ తర్వాత కలిసినప్పుడు. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోమని కూడా చెప్పా, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి అంటే మాత్రం మౌస్ మార్చి ఊరుకోకూడదు.

చిన్న చేతికి పెద్ద మౌస్ ఎంత బాధో, పెద్ద చేతికి పల్చటి మౌస్ అంతే బాధ. ల్యాప్‌టాప్ మౌస్ అనగానే బిస్కెట్టంత పల్చగా ఉండేవి చూపిస్తారు, బ్యాగులో పట్టిద్ది, అందంగా ఉంటుంది అంటారు. బ్యాగులో అది ఉండేది ఒంగోలు నుంచి చీమకుర్తి దాకా అరగంట, ముప్పావుగంట. చేతిలో ఉండేది రోజంతా. పల్చటి మౌస్ మీద అరచెయ్యి ఆనదు, గాల్లో వేలాడుతూ వేళ్ళ కొనలతోనే మొత్తం లాగాలి, గంటసేపు మెయిళ్ళు చూసుకునే వాళ్ళకి పర్లేదు, ఎక్సెల్‌లో స్టాకు లిస్టు పట్టుకొని కూర్చునే వాళ్ళకి కుదరదు. వెనక కాస్త మూపు ఉండి అరచేతి గుంటలోకి ఎక్కే మౌస్ తీసుకోండి, బ్యాగు కొంచెం ఉబ్బితే ఉబ్బనీండి. లాజిటెక్ ఎం650 లాంటివి ఒకటే మోడల్ మామూలు సైజు, పెద్ద సైజు అని రెండు రకాలుగా చేస్తున్నారు, ఎడమ చేతి వాటం వాళ్ళకి కూడా ఒకటి ఉంది. ఎడమ చేత్తో రాసే పిల్లలు కుడి చేతి వంపున్న మౌస్‌తో అవస్థ పడటం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది, కనీసం రెండు వైపులా ఒకే వంపు ఉన్నదైనా కొనివ్వండయ్యా. నిలువుగా, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకునే వర్టికల్ మౌసులు కూడా వస్తున్నాయి, ముంజేయి మెలిక తిరగకుండా ఉండిద్ది, అలవాటు పడడానికి కొన్ని రోజులు పట్టిద్ది, ఆ కొన్ని రోజులూ రిటర్నుల టైములో పెట్టుకోకండి.

డీపీఐ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. మౌస్‌ని ఒక అంగుళం జరిపితే పాయింటర్ ఎన్ని చుక్కలు జరుగుద్ది అనే లెక్క అది. మామూలు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్ వెడల్పు 1920 చుక్కలు, 1000 డీపీఐ మౌస్ రెండంగుళాలు జరిపితే ఈ చివర నుంచి ఆ చివరకి పోయిద్ది. ఇంక 16000 అని రాసిన దాంతో ఏం చేస్తాం, చెయ్యి వణికితే స్క్రీన్ బయటికి పోవడమే. 1000 నుంచి 1600 మధ్య ఏదున్నా సరిపోయిద్ది.

సెల్లా, ఛార్జింగా అంటే నేను సెల్ వైపే. ఛార్జింగ్ మౌసు సౌకర్యమే, ఫోను ఛార్జర్‌తోనే ఎక్కిద్ది, సెల్లులు కొనే పని లేదు. కానీ లోపల ఉండేది లిథియం బ్యాటరీ, వేడికి దానికి పడదు, రోహిణి కార్తెలో మా వైపు ఎండకి కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన వస్తువు ఏమైద్దో అందరికీ తెలుసు. మూడు నాలుగేళ్ళకి ఆ బ్యాటరీ దిగిపోతే మార్చే వీలు చాలా వాటిల్లో ఉండదు, స్విచ్చులు, సెన్సారు బాగానే ఉన్నా మౌస్ పారేయాల్సిందే. పెన్సిల్ సెల్ అయితే పొదిలిలో, దర్శిలో, ఏ చిన్న ఊళ్ళో కొట్టుకి పోయినా దొరికిద్ది, బ్లూటూత్ మౌస్‌లో మంచి ఆల్కలైన్ సెల్ నెలల తరబడి వచ్చిద్ది, కొన్ని ఏడాది దాటతాయి. మౌస్ చాలా రోజులు వాడకుండా పక్కన పెట్టేటప్పుడు మాత్రం సెల్ తీసెయ్యండి, కారి తెల్లటి పొడి కట్టి లోపల స్ప్రింగు తినేసిద్ది. ఛార్జింగ్‌దే కావాలంటే వైరు గుచ్చి కూడా వాడుకునేలా ముందు వైపు పోర్టు ఉన్నది చూడండి, ఆపిల్ మ్యాజిక్ మౌస్‌కి పోర్టు అడుగున పెట్టారు, ఛార్జింగ్ అయ్యేదాకా మౌస్ తిరగబడి పడుకోవాల్సిందే.

కొన్న తర్వాత సంగతి ఒకటి, మా గ్రానైట్ వాళ్ళకి ముఖ్యంగా. కోత మిషన్ల దగ్గర నుంచి వచ్చే పొడి ఆఫీసులోకి రాకుండా ఎవరూ ఆపలేరు. మౌస్ తిరగేసి సెన్సారు కన్నం చూడండి, బూడిద రంగు పొడి, ఒక చిన్న నూగు వెంట్రుక, మధ్యలో ఇరుక్కొని ఉంటాయి, ఆ వెంట్రుక ఒక్కటే చాలు పాయింటర్ వణకడానికి. నోటితో ఊదితే తడి పడిద్ది, పొడి దూది పుల్లతో మెల్లగా తిప్పి తీయాలి. అడుగున నున్నటి పట్టీలు నాలుగు ఉంటాయి కదా, వాటి అంచుల్లో రాతి పొడి ఇరికి గట్టిపడి, బల్ల మీద లాగితే గరగరమని చప్పుడు వచ్చిద్ది, గోటితో ఆ గీర తీసేస్తే మౌస్ మళ్ళీ కొత్తదానిలా జారిద్ది. పొడి ఎక్కువ ఉన్నచోట పనిచేసే వాళ్ళు వారానికి ఒకసారి ఇది చేసుకుంటే స్విచ్చులు కూడా ఎక్కువ కాలం వస్తాయి.

ఇంక డబ్బు సంగతి. మూడొందల మౌస్ కొని ఆరు నెలలకి ఒకసారి పారేసే ఆఫీసులు నాకు తెలుసు, ఒకసారి నొక్కితే రెండు క్లిక్కులు పడటం మొదలవుద్ది, ఇన్‌వాయిస్ రెండుసార్లు సేవ్ అవుద్ది, దాన్ని వెతికి తీసే నా టైముకి లెక్క ఎవరు కడతారు. వెయ్యి నుంచి రెండు వేల మధ్యలో పేరున్న కంపెనీల మంచి బ్లూటూత్ మౌసులు వస్తున్నాయి, క్లిక్కు చప్పుడు రానివి ఉన్నాయి, పిల్లలు పడుకున్నాక ఇంట్లో పని చేసుకునే వాళ్ళకి అవి వరం. అడుగున బటన్ నొక్కితే ల్యాప్‌టాప్ నుంచి ఆఫీసు కంప్యూటర్‌కి, అక్కడ నుంచి ట్యాబ్‌కి మారేవి కూడా ఆ రేటు దగ్గర్లోనే ఉన్నాయి, నాలాగా రెండు కంప్యూటర్ల మధ్య కూర్చునే వాళ్ళకి దాని మీద ఇంకో మూడొందలు పెట్టినా నష్టం లేదు. లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కొని మౌస్ దగ్గర వంద రూపాయలు బేరం ఆడటం నాకు మింగుడు పడదు.

ఆన్‌లైన్‌లో వంద తక్కువకి వస్తుంది, నిజమే. కానీ చేతిలో పట్టుకోకుండా మౌస్ కొనొద్దని నా గట్టి అభిప్రాయం, అందుకే ఒంగోలు అయినా నెల్లూరు అయినా షాపుకి పోయి కొనమంటా. ఇక్కడ షాపుల వాళ్ళకి కూడా ఒక మాట. మౌసులన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో సీల్ వేసి గోడకి తగిలిస్తారు, తీసి చూపించమంటే తెరిస్తే తీసుకోవాల్సిందే అంటారు. అట్టయితే షాపుకి రావడం ఎందుకు, ఫోన్‌లోనే కొనేస్తాడు. ప్రతి మోడల్‌లో ఒక్కటి డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టండి, చిన్నది ఒకటి, పెద్దది ఒకటి, ఎడమ చేతిది ఒకటి. పట్టుకొని చూసుకోనివ్వండి, షాపు ల్యాప్‌టాప్‌కి కలిపి ఎక్సెల్‌లో నాలుగు గడులు క్లిక్ చేసుకోనివ్వండి. బిల్లు మీద తారీఖూ సీరియల్ నంబరూ రాసి ఇవ్వండి, వారంటీకి రేపు అదే కావాలి. అట్టా ఇచ్చే షాపు ఒకటుంటే చెప్పండి, మా ఫ్యాక్టరీల వాళ్ళందరినీ నేనే అక్కడికి పంపిస్తా.